పెనం మీద చెరువు చేప వేపుడు: అంటుకోకుండా, విరగకుండా, మట్టివాసన లేకుండా

చేప వేపుడు దగ్గర అందరూ అడిగేవి దాదాపు ఇవే మూడు. ముక్క పెనానికి అంటుకుని తోలు ఊడిపోతోంది. పైన మసాలా మాడుతోంది, లోపల పచ్చిగా ఉంటోంది. ఎన్నిసార్లు కడిగినా మట్టివాసన పోవడం లేదు. ఈ మూడింటికీ మందు మసాలా డబ్బాలో లేదు. పొరపాటు చాలావరకు పొయ్యి వెలిగించకముందే జరిగిపోతుంది: ముక్క మందంలో, కడిగే తీరులో, అన్నిటికంటే ఎక్కువగా తడి ఆరనివ్వకపోవడంలో. అందుకే ఇక్కడ వేయించడం కంటే దానికి ముందు పని గురించే ఎక్కువగా ఉంటుంది.

ఇది బజ్జీల్లాగా నూనెలో ముంచి తీసే వేపుడు కాదు. పెనం మీద నాలుగు పెద్ద చెంచాల నూనెతో, రెండు వైపులా కాల్చే ఇంటి పద్ధతి.

ఏ చేప తెచ్చుకోవాలి

రోహు (కోస్తాలో శీలావతి, తెలంగాణలో రవ్వ): వేపుడుకి అన్నివిధాలా అనువైనది. కండ గట్టిగా ఉంటుంది, విరగదు. చిక్కల్లా సన్నముళ్లతోనే. కిలో లోపు చేపలో అవి వెంట్రుకల్లా ఉండి నోటికి తెలియకుండా దిగిపోతాయి. రెండు కిలోలు దాటిన చేపలో ముల్లు లావుగా ఉంటుంది కాబట్టి వేలికి దొరుకుతుంది. పిల్లలు తినే ఇంట్లో పెద్ద చేపలో ముక్కలు కొనడమే మేలు.

కట్ల (బొచ్చె): తల పెద్దది, పొట్ట భాగంలో కొవ్వు ఎక్కువ. తలను పులుసుకి ఉంచి, వీపు ముక్కలు వేయించుకోండి. పొట్ట ముక్క రుచిగానే ఉంటుంది కానీ మట్టివాసన ఉంటే ముందు బయటపడేది అక్కడే.

కొరమీను: తెలంగాణ రాష్ట్ర చేప. నడిముల్లు, పక్కముళ్లు తప్ప కండలో సన్నముళ్లు ఉండవు. ఖరీదు ఎక్కువే, కానీ ముల్లు భయం ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి చేప లేదు. ఒంటి నిండా జిగురు ఉంటుంది. దాన్ని వదిలించే పద్ధతి కింద ఉంది.

తిలాపియా (జిలేబీ చేప): 250 నుంచి 300 గ్రాముల చేపను నిలువుగా, ముక్కలు చేయకుండా వేయించవచ్చు. ఇందులోనూ సన్నముళ్లు ఉండవు. విదేశాల్లో ఉన్నవాళ్లకు తాజాగా దొరికే మంచినీటి చేప ఎక్కువచోట్ల ఇదే.

పంగాసియస్ మెత్తని చేప, నీరు ఎక్కువ. పెనం మీద విరిగిపోతుంది. అదే దొరికితే పిండి పూత తప్పనిసరి.

మన సంతల్లో ఐసు పెట్టెల్లో వచ్చే రోహు, కట్ల ఎక్కువగా కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువులవి. ఐసులో ఉన్నంత మాత్రాన చెడిందని కాదు. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. గోధుమరంగుకి తిరిగితే వద్దు. కన్ను ఉబ్బి, తేటగా ఉండాలి. వేలితో కండను నొక్కితే గుంట వెంటనే పూడాలి. పొట్ట మెత్తబడి జారిపోతుంటే ధర తగ్గించినా తీసుకోకండి. మృగశిర కార్తె నాడు (జూన్ మొదటి వారం దాటాక) హైదరాబాద్ దుకాణాల దగ్గర తోపులాటలో ఇవేవీ చూడనివ్వరు. కార్తెకి వేపుడే తినాలనుకుంటే బతికున్న కొరమీను కొట్టించుకోవడం నయం.

కావలసినవి (శుభ్రం చేసిన కిలో ముక్కలకు)

తల, పొట్ట తీసేస్తే నిలువు చేప బరువులో సుమారు మూడోవంతు పోతుంది. కిలో ముక్కలు కావాలంటే కిలోన్నర చేప తీసుకోండి. కొలతల్లో పెద్ద చెంచా అంటే 15 మి.లీ., టీ చెంచా అంటే 5 మి.లీ.

కడగడానికి:
- కల్లుప్పు 2 పెద్ద చెంచాలు
- పసుపు అర టీ చెంచా
- నిమ్మకాయ 1, లేదా చింతపండు గుజ్జు 2 పెద్ద చెంచాలు, లేదా పుల్లమజ్జిగ 2 గ్లాసులు

పట్టించడానికి:
- ఉప్పు 2 టీ చెంచాలు
- పసుపు అర టీ చెంచా
- కారం 2 పెద్ద చెంచాలు (గుంటూరు కారం అయితే ఒకటిన్నర చాలు)
- ధనియాల పొడి 1 పెద్ద చెంచా
- జీలకర్ర పొడి అర టీ చెంచా, మిరియాల పొడి అర టీ చెంచా
- అల్లం వెల్లుల్లి ముద్ద 1 పెద్ద చెంచా, మెత్తగా నూరినది
- నిమ్మరసం 1 పెద్ద చెంచా
- బియ్యప్పిండి 2 పెద్ద చెంచాలు
- నూనె 1 పెద్ద చెంచా

వేయించడానికి వేరుశెనగ నూనె, మొత్తం మీద 120 మి.లీ. దాకా. చివర్లోకి రెండు రెబ్బల కరివేపాకు, నాలుగు చీల్చిన పచ్చిమిర్చి.

గరం మసాలా ఇష్టమైతే పావు టీ చెంచా, అంతకు మించితే చేప రుచి పోతుంది. కోడిగుడ్డు, మొక్కజొన్న పిండి, ఎర్రరంగు హోటల్ వాళ్లకు కావాలి. వాళ్లు ముంచి తీసే నూనెలో వేస్తారు కాబట్టి ఆ పూత నిలుస్తుంది. పెనం మీద గుడ్డు పూత ముందు పెనానికి అంటుకుంటుంది, తర్వాత ముక్కను వదిలేస్తుంది.

పాత్రలు: 26 నుంచి 28 సెం.మీ. వెడల్పున్న ఇనుప పెనం (అట్లు వేసి వేసి నల్లబడినది అయితే మరీ మంచిది), లేదా నాన్‌స్టిక్. పల్చని అంచున్న అట్లకాడ. ఒక జాలీ. నూలు గుడ్డ లేదా కాగితపు తువాళ్లు. పల్చని అల్యూమినియం మూకుడు ఈ పనికి వద్దు, మంట తగిలినచోట మాడుతుంది, పక్కన చల్లగా ఉంటుంది.

మొదలుపెట్టండి

1. ముక్క మందం ముందే చెప్పండి. కొట్టేవాళ్లు అలవాటుగా పులుసు ముక్కే కొడతారు, అంటే రెండున్నర సెం.మీ. మందం. వేపుడుకి అది పనికిరాదు, మసాలా మాడేదాకా లోపల ఉడకదు. "అన్నా, ఫ్రైకి, వేలు మందం కొట్టు" అని కత్తి పైకెత్తకముందే చెప్పండి. ఒకటిన్నర సెం.మీ. సరైన కొలత. ఒక సెం.మీ. కంటే పల్చనైతే తిప్పేటప్పుడు నడిముల్లు దగ్గర రెండుగా విడిపోతుంది. ముక్కలన్నీ ఒకే మందం ఉండటం ముఖ్యం. తోక వైపు చిన్న ముక్కలు వేరే వాయిగా వేయండి, అవి తొందరగా అవుతాయి.

2. దుకాణంలో వదిలేసినవి ఇంట్లో తీయండి. మట్టివాసన పోవాలంటే పని ఇక్కడే ఉంది. చెరువు నీటిలో నాచులాంటి సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఆ వాసనకు ఎక్కువసార్లు కారణం. అది నీటిలో కంటే కొవ్వులో ఎక్కువగా నిలుస్తుంది. అందువల్ల పది బిందెల నీళ్లు పోసినా పోదు. అది దాక్కునే చోట్లు తీసేయాలి:
   - పొట్ట లోపలి గోడకు అతుక్కున్న నల్లని పొర. గరుకు గుడ్డతో రుద్దితే వచ్చేస్తుంది.
   - నడిముల్లు కింద గడ్డకట్టిన ముదురు ఎరుపు నెత్తురు. టీ చెంచా అంచుతో గీకండి. నీచు వాసనకు ఇది పెద్ద మూలం.
   - పొట్ట అడుగున పసుపురంగు కొవ్వు.
   - తోలు కింద, పక్క గీత వెంబడి ఉండే గోధుమరంగు కండ. వాసన బాగా ఉన్న చేపలో దీన్ని కత్తిమొనతో సన్నగా చెక్కేయండి. లేకపోతే వదిలేయండి.
   - మిగిలిపోయిన పొలుసులు, రెక్కల మొదళ్లు. ఒక్క పొలుసు ఉన్నా దాని కింద నీరు నిలిచి నూనె చిటపటలాడుతుంది.

   జాగ్రత్త: ఇంట్లోనే పొట్ట తీస్తుంటే కాలేయం పక్కన ఉండే ఆకుపచ్చని పిత్తాశయం పగలకుండా చూడండి. పగిలితే ఆ రసం తగిలిన కండ చేదెక్కుతుంది, అంతవరకూ కోసి పారేయాలి. దాన్ని మందు అనుకుని పచ్చిగా మింగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రోహు, గడ్డిచేప లాంటి వాటి పిత్తం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ఆసుపత్రి పాలైన కేసులు వైద్యులు నమోదు చేశారు. నేరుగా చెత్తలో వేయండి.

3. కడగండి, కానీ నానబెట్టకండి. ముక్కలకు ఒక పెద్ద చెంచా కల్లుప్పు, పసుపు వేసి రెండు నిమిషాలు రుద్ది, కారే నీటి కింద కడగండి. మిగతా ఉప్పుతో మరోసారి రుద్దండి. ఆ తర్వాత నిమ్మరసం గానీ చింతపండు గుజ్జు గానీ పట్టించి 10 నిమిషాలు ఉంచి కడిగేయండి. పులుపు జియోస్మిన్‌ను విరగ్గొడుతుంది, అంటే పులుపు పనిచేయడం ఉత్త నమ్మకం కాదు. మజ్జిగ అయితే 20 నిమిషాలు ముంచండి. వీటిలో ఒకటి చాలు, మూడూ కలిపితే కండ పిండిపిండి అవుతుంది. గిన్నెలో నీళ్లు పోసి అరగంట వదిలేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. చేప నీరు పీల్చుకుంటుంది, ఆ నీరే తర్వాత పెనం మీద బయటికొస్తుంది.

   కొరమీను జిగురు వదలాలంటే ముక్కలు కొట్టకముందే, నిలువు చేపకు కల్లుప్పు, పొయ్యి బూడిద లేదా బియ్యపు తవుడు పట్టించి గరుకు బండ మీద రుద్దాలి. గరుకు బండ లేని ఇళ్లలో కొత్త గిన్నెల పీచు వాడుకోవచ్చు. తోలు మీద వేలు జారకుండా ఆగితే సరిపోయినట్టు.

4. తడి ఆరనివ్వండి. ఇంత రాసిందీ ఈ మెట్టు కోసమే అనుకోండి. కడిగిన ముక్కలను జల్లెడలో 10 నిమిషాలు వంచండి. తర్వాత ఒక్కో ముక్కను గుడ్డతో రెండు వైపులా, పొట్ట సందులో, తోలు మీద అద్దండి. ముక్క మీద వేలు పెడితే తడి తగలకూడదు, కొంచెం అతుక్కుంటున్నట్టు ఉండాలి. తడి ఉంటే ఏమవుతుంది? మసాలా ముక్కను పట్టుకోదు, జారి పెనంలో పడి మాడుతుంది. నూనె వేడి నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, ముక్క వేగడం మాని ఉడుకుతుంది. ఉడికిన తోలు జిగురై పెనానికి అతుక్కుంటుంది. మొదట చెప్పుకున్న మూడు సమస్యల్లో రెండు ఇక్కడే పుడతాయి.

   గడ్డకట్టిన ముక్కలు వాడేవాళ్లు ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో, జాలీ మీద పెట్టి కరగనివ్వండి. వేడినీళ్లలో కరిగిస్తే పైకండ మెత్తబడుతుంది. ఐసు పూత కరిగిన నీరు చాలా వస్తుంది, రెండుసార్లు అద్దాల్సి ఉంటుంది.

5. రోహు, కట్ల ముక్కలకు గాట్లు. ముక్క గుండ్రంగా కొట్టినదైతే గాట్లు అక్కర్లేదు. వీపు కండను ముల్లు తీసి పలకలుగా కోయించుకుంటే, తోలు వైపున 3 మి.మీ.కు ఒకటి చొప్పున వరసగా, కింది దాకా తెగకుండా గాట్లు పెట్టండి. లోపల ఆంగ్ల వై అక్షరం ఆకారంలో ఉండే సన్నముళ్లు ముక్కలు ముక్కలై, నూనెలో కరకరలాడేలా వేగుతాయి. పెద్దలకు ఇది చాలు. ఐదేళ్లలోపు పిల్లలకు మాత్రం ఇలా వేయించిన రోహు కూడా చేత్తో తడిమి చూసే పెట్టండి.

6. పట్టించడం రెండు విడతలు. ముందు ఉప్పు, పసుపు, నిమ్మరసం మాత్రమే రుద్ది 10 నిమిషాలు పక్కన పెట్టండి. కొంచెం నీరు ఊరుతుంది, దాన్ని వంచేయండి. ఇప్పుడు కారం, పొడులు, అల్లం వెల్లుల్లి ముద్ద, నూనె కలిపి గట్టి ముద్ద చేయండి. నీళ్లు పోయొద్దు. చెంచా వంచితే జారకూడదు. చేత్తో ప్రతి ముక్కకూ పల్చగా పూయండి, కింద కండ రంగు లీలగా కనిపించేంత. మందంగా పూసిన మసాలాలో పైపొర మాడుతుంది, లోపొర పచ్చివాసన కొడుతుంది.

   అల్లం వెల్లుల్లి నూరేటప్పుడు పలుకులు మిగిలితే అవే ముందు నల్లబడి చేదెక్కుతాయి. కొన్న ముద్దలో నీరు ఎక్కువ. అది వాడితే అర చెంచా తగ్గించండి.

   తర్వాత ఫ్రిజ్‌లో అరగంట. నిమ్మరసం వేశాక రెండు గంటలు దాటనివ్వకండి, పులుపుకి కండ సున్నంలా విరుగుతుంది. రాత్రే కలిపి పెట్టుకోవాలంటే నిమ్మరసం మానేసి, పొద్దున వేయించే ముందు కలపండి.

7. బియ్యప్పిండి చివర్లో. పెనం ఎక్కించే ముందు ముక్కల మీద చల్లి, చేత్తో నొక్కి, వదులుగా ఉన్నది దులిపేయండి. ముందే కలిపితే పిండి తడి పీల్చి జావలా అవుతుంది. కరకర ఇంకా కావాలంటే ఒక చెంచా బియ్యప్పిండి బదులు బొంబాయి రవ్వ. రవ్వ కొంత నూనెలో రాలుతుంది, వాయి వాయికీ తీసేయాలి. ముక్కలు ఫ్రిజ్ నుంచి తీసి పావుగంట బయట ఉంచాక వేయించండి, మరీ చల్లటి ముక్క నూనె వేడిని దించేస్తుంది.

8. పెనం ముందు, నూనె తర్వాత. ఖాళీ ఇనుప పెనాన్ని మధ్యస్థ మంట మీద 3 నిమిషాలు కాలనివ్వండి. తర్వాత 4 పెద్ద చెంచాల నూనె పోసి పెనమంతా తిప్పండి. నూనె అడుగంతా పల్చని పొరలా ఉండాలి. నాన్‌స్టిక్ అయితే మాత్రం ఖాళీగా కాల్చకండి, చల్లగా ఉండగానే నూనె పోసి వేడి చేయండి.

   వేడి సరిపోయిందా? మసాలా ముద్ద చిటికెడు వేయండి. వెంటనే చుట్టూ బుడగలు వచ్చి, పది సెకన్ల దాకా ఎర్రగానే ఉంటే సరి. పడగానే నల్లబడితే ఎక్కువ, మంట తగ్గించి నిమిషం ఆగండి. బుడగల్లేకుండా కూర్చుంటే తక్కువ. తాపమాపకం ఉంటే 175 డిగ్రీల దగ్గర. నూనె పొగలు కక్కేదాకా ఆగాలనే మాట చేపకు వర్తించదు, కారం ఆ వేడికి తట్టుకోదు.

9. వేయండి, వదిలేయండి. ముక్కను మీ వైపు నుంచి అవతలికి పడుకోబెట్టండి, చిందితే అటు చిందుతుంది. ముక్కకీ ముక్కకీ మధ్య వేలెడు సందు. 28 సెం.మీ. పెనంలో ఐదారు ముక్కలకు మించొద్దు. కిలో ముక్కలకు మూడు వాయిలు పడతాయి, తొందరపడితే మొత్తం ఉడికిన చేపే.

   ఇక 4 నిమిషాలు అట్లకాడ ముట్టుకోకండి. ఎక్కువ మంది ఓడిపోయేది ఇక్కడే. నిమిషానికే అంచు లేపి చూస్తారు, అప్పటికి పూత గట్టిపడి ఉండదు, అది పెనానికే మిగిలిపోతుంది. పూత గట్టిపడ్డాక ముక్క తనంతట తానే వదులుతుంది. అంచులు తెల్లబడి, ఆ తెలుపు మందంలో సగం పైకెక్కాక పెనాన్ని కొంచెం ఊపండి. ముక్క జరిగితే తిప్పండి. జరగకపోతే ఇంకో అరనిమిషం.

10. ఒక్కసారే తిప్పండి. అట్లకాడను ముక్క కింద పూర్తిగా దూర్చి, పైన చెంచా ఆనించి, ఒకే కదలికలో. రెండోవైపు 3 నిమిషాలు, ఆఖరి నిమిషం మంట తగ్గించి. మూత పెట్టొద్దు, ఆవిరికి పూత మెత్తబడుతుంది. నూనె చిందుతుందని భయమైతే జల్లెడ బోర్లించండి, ఆవిరి పోతుంది, చిందు ఆగుతుంది.

11. జాలీ మీదకు తీయండి. కాగితం మీద ఒకదానిపై ఒకటి పేరిస్తే కింది ముక్క చెమటపట్టి రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది.

12. వాయికీ వాయికీ మధ్య నూనెలో రాలిన నల్లటి పొడిని జల్లెడ చెంచాతో తీసేయండి. తీయకపోతే రెండో వాయి ముక్కలకు ఆ మాడు అతుక్కుని, మూడో వాయి చేదుగా వస్తుంది. రెండు చెంచాల నూనె కలిపి, మళ్లీ వేడెక్కనిచ్చి వేయండి. అన్నీ అయ్యాక మిగిలిన నూనెలో కరివేపాకు, పచ్చిమిర్చి అరనిమిషం వేయించి ముక్కల మీద చల్లండి. కరివేపాకు తడి లేకుండా తుడిచి వేయండి, లేకపోతే మొహం మీదకు చిందుతుంది.

వేగిందో లేదో చూడటం

రంగును నమ్మకండి, కారం ఎరుపు మోసం చేస్తుంది. అన్నిటికంటే మందమైన ముక్క తీసుకుని, నడిముల్లు పక్కన కత్తిమొన గుచ్చి కొంచెం పక్కకు వంచండి. కండ ముల్లును వదిలి పొరలు పొరలుగా విడిపోవాలి, తెల్లగా, మసకగా ఉండాలి. గాజులా మెరుస్తున్నా, ముల్లు దగ్గర గులాబీరంగు ఉన్నా, కండ ముల్లును పట్టుకునే ఉన్నా ఇంకో నిమిషంన్నర. మాంసం తాపమాపకం ఉన్నవాళ్లకు లోపల 63 డిగ్రీలు. మంచినీటి చేపల్లో పరాన్నజీవులు ఉండే వీలుంది కాబట్టి సగం పచ్చిగా తినే ఆలోచన పెట్టుకోవద్దు.

అతిగా వేగితే పొరల మధ్య తేమ పోయి పీచులా సాగుతుంది. రోహు కొంత ఓర్చుకుంటుంది. తిలాపియా అస్సలు ఓర్చుకోదు.

తప్పు జరిగాక ఏం చేయాలి

పైన మాడుతోంది, లోపల పచ్చి: మంట పూర్తిగా తగ్గించి, పెనం అంచున రెండు చెంచాల నీళ్లు పోసి మూత పెట్టి 2 నిమిషాలు. కరకర పోతుంది, చేప దక్కుతుంది. తర్వాతి వాయికి మంట తగ్గించండి. ముక్క మందం రెండు సెం.మీ. దాటిందేమో కూడా చూసుకోండి.

ముక్క విరిగిపోయింది: పొరటు చేసేయండి. ముళ్లు ఏరి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేగిన నూనెలో ఆ కండ వేసి, మిరియాల పొడి చల్లి 5 నిమిషాలు తిప్పండి. కొరమీను ముక్క విరిగితే నష్టమేమీ లేదు, దాని పొరటు వేపుడు కంటే బాగుంటుందనేవాళ్లు చాలామంది.

పెనానికి అంటుకుపోయింది: లాగకండి. పొయ్యి ఆపి ఒక నిమిషం వదిలేయండి, తర్వాత అట్లకాడ అంచుతో నాలుగు వైపుల నుంచీ కొద్దికొద్దిగా. ప్రతి వాయీ అంటుకుంటుంటే పెనం అదను తప్పింది. కడిగి, ఆరబెట్టి, నూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చండి, రెండు మూడుసార్లు.

ఉప్పు ఎక్కువైంది: ఎక్కువసార్లు కడగడానికి వాడిన కల్లుప్పు ముక్కల సందుల్లో మిగలడం వల్లే. పట్టించాక చూస్తే తెలియదు కాబట్టి ఒక చిన్న ముక్క ముందు వేయించి రుచి చూడటం అలవాటు చేసుకోండి. ఎక్కువైతే మిగతా ముక్కల పూత కొంత గీకి, ఉప్పులేని బియ్యప్పిండి అద్దండి. పళ్లెంలో పక్కన ముద్దపప్పు ఉంటే ఎవరికీ తెలియదు.

నూనె పేలినట్టు చిందుతోంది: తడి, లేదా పొలుసు. మంట తగ్గించి, పెనంలో ఒక చిటికెడు ఉప్పు చల్లండి, కొంత తగ్గుతుంది.

నిలువు తిలాపియా వేస్తే

చేపకు రెండు వైపులా ముల్లు తగిలేదాకా మూడేసి ఏటవాలు గాట్లు. మసాలా గాట్లలోకి, పొట్టలోకి కూడా వెళ్లాలి. మధ్యస్థం కంటే తక్కువ మంట, వైపుకు 6 నుంచి 7 నిమిషాలు. తల వైపు మందం, తోక వైపు పల్చన. కాబట్టి తల పెనం మధ్యకు, తోక అంచుకు వచ్చేలా పెట్టండి. తోక పెనం బయటికి వచ్చినా ఫరవాలేదు. ఉడికిందో లేదో తల వెనక గాటులో చూడాలి, తోక దగ్గర కాదు.

జన దొరికితే

వానాకాలంలో ఆడ చేపల్లో జన నిండుగా ఉంటుంది. దాన్ని పచ్చిగా నూనెలో వేస్తే గుడ్లు పేలి చెయ్యి కాలుతుంది. ముందు ఉప్పు, పసుపు రాసి ఇడ్లీ పాత్రలో 8 నుంచి 10 నిమిషాలు ఆవిరి పట్టి, చల్లారాక వేలు మందం ముక్కలు కోసి, అదే మసాలా పూసి తక్కువ మంట మీద వైపుకు 2 నిమిషాలు వేయించండి. జల్లెడ మాత్రం బోర్లించే ఉంచండి.

నూనె తక్కువ కావాలంటే, మిగిలితే

ఎయిర్ ఫ్రైయర్‌లో 200 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు, సగంలో తిప్పి. మసాలాలో నూనె 2 చెంచాలకు పెంచండి, లేకపోతే పొడి కారం ఎండిపోయి గొంతుకు తగులుతుంది. తోలు కరకర పెనం అంత రాదు.

విదేశాల్లో అపార్ట్‌మెంట్లలో కరెంటు పొయ్యి మీద చేసేవాళ్లు మంట తగ్గించినా వేడి వెంటనే తగ్గదని గుర్తుంచుకోండి. తిప్పిన వెంటనే పొయ్యి ఒక మెట్టు తగ్గించండి, మాడుతున్నట్టు తోస్తే పెనాన్నే పక్కకు జరపండి. కిటికీ ముందే తెరిచి పెట్టుకోండి, కారం ఘాటుకి పొగ హెచ్చరిక మోగుతుంది.

మిగిలిన ముక్కలు మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో రెండు రోజులు. వేడి చేయడానికి నూనె లేని పెనం, తక్కువ మంట, వైపుకు రెండు నిమిషాలు. మైక్రోవేవ్‌లో పెడితే తోలు రబ్బరులా సాగుతుంది, వంటిల్లంతా నీచు వాసన. వేయించిన నూనెను వడకట్టి మర్నాటి చేపల పులుసు తాలింపుకి ఒక్కసారి వాడుకోవచ్చు. ఇంకే కూరలోకీ పనికిరాదు.